ద్వీపాంతరవాసము – ద్వీపాంతరవిహారము

తెలుగుదేశపు న్యాయస్థానములలో నూఱేండ్లకు దగ్గఱగా వినవచ్చిన మాటలలో, ఉరిశిక్ష యను మాట యొకటి తప్ప, ‘ద్వీపాంతరవాసము’ కంటె గుండె లదరించునది మఱియొకటి లేదు. ఆ తీర్పు వెలువడిన నాడే ఊరివారు ఆ మనుష్యుని పోయినవారి లెక్కలో వ్రాసికొనెడివారు. సముద్రము దాటినవాడు కులమునకు కాడు, తిరిగివచ్చుట కల్ల, చచ్చెనో బ్రదికెనో చెప్పువాడు లేడు. పసుపుకుంకుమల నుంచుకొనవలయునో తుడిచివేయవలయునో తెలియక ఇల్లాలు త్రోవ చూచుచునే జన్మము గడపెడిది. ఉత్తరాదివారు ఆ నీటిని కాలాపానీ యనిరి. మనవారు అండమాను పేరు పలుకుటకే జంకిరి.

నేడు ఆ దీవులకే మనవారు పెండ్లిపందిరి విప్పకమునుపే ప్రయాణమగుచున్నారు. చెన్నపురిలో విమానమెక్కినవారు రెండు గంటలకు కొంచెము మించిన కాలములో అచట దిగుచున్నారు. విశాఖపట్టణపు రేవునుండి ఓడయును గలదు. తెల్లని యిసుక, ఒడ్డువఱకు దిగివచ్చిన అడవి, గాజువలె తేటయైన నీరు, ఆ నీటి యడుగున పగడపు తోటలు – ఇవి చూచివచ్చినవారు నెలదినములవఱకు వేఱు మాట చెప్పరు. వీపున గాలితిత్తి కట్టుకొని సముద్రగర్భమున మునిగి చేపలతో కలిసి యీదివచ్చితిమని చెప్పుకొనుట పట్టణములలో ఒక గౌరవమైనది.

ఈ మార్పును చూచి విచారించువారము మేము కాము. ఏ గడ్డపై మన పూర్వులు సంకెళ్లతో దిగిరో, ఆ గడ్డపై వారి మనుమలు నవ్వుచు దిగగలుగుట స్వరాజ్యఫలములలో నొకటి. చెఱసాలయైన దీవి చెఱసాలగనే యుండవలెనని కోరువాడు దేశభక్తుడు కాడు. కాని పోవుట వేఱు, పోయి చూచుట వేఱు. కన్నులు మూసికొని పోయి, ఛాయాపటములు తీయించుకొని, కన్నులు మూసికొనియే తిరిగివచ్చు విహారము మనకు తగునా యను ప్రశ్న నీ దినమున పాఠకుల ముందుంచుచున్నాము.

మొదట చరిత్రమును చూతము. 1789 లో ఆర్చిబాల్డు బ్లేరు అను ఆంగ్లనావికుడు కుంపిణీ పక్షమున చాతము దీవిలో వలస పెట్టెను. జ్వరములును చావులును పెచ్చరిల్లగా 1796 లో దానిని విడిచివేసిరి. అఱువదేండ్లు దీవుల జోలికి ఎవ్వరును పోలేదు. 1857 నాటి మహాసంగ్రామము ముగియునప్పటికి దొరలకు ఖైదీలు మెండై, వారిని దాచుటకు చోటు కావలసివచ్చెను. 1858 మార్చిలో వాకరు అను వైద్యాధికారి రెండువందల మంది ఖైదీలతో వచ్చి దిగెను. వారికి ఇండ్లు లేవు, గుడిసెలు లేవు. కాళ్ల సంకెళ్లతోనే అడవి నఱుకవలసినవారు. పాఱిపోయినవారిలో అడవిలో నశించినవారు కొందఱు, పట్టుబడి ఉరికంబమెక్కినవారు కొందఱు. నేడు మనము నడచు వీథులు, ఎక్కు మెట్లు, దిగు రేవులు పెక్కింటికి ఆ చేతులే పునాది వేసినవి.

ఆ యోడరేవు చెంతనే రెండు చిన్న దీవులు గలవు. ఒకటి రాసు దీవి, రెండవది వైపరు దీవి. రాసు దీవిలో దొరల బంగాళాలు, చర్చి, రొట్టెల కొట్టు, నాట్యశాల. వైపరు దీవిలో గొలుసుకట్టు ఖైదు, ఉరికంబము. ఈ రెంటిని కలిపి చూచినగాని సామ్రాజ్యమన నేమో బోధపడదు. నేడు రాసు దీవిలో ఆ బంగాళాల గోడలను మఱ్ఱియూడలు చుట్టుకొని పిండుచున్నవి. నడుమ జింకలు తిరుగుచున్నవి. ఏ ఫిరంగియు చేయని పనిని చెట్టువేరు చేసినది. ఆ దృశ్యమును చూచి ‘అందము’ అనువారే కాని ‘న్యాయము’ అనువారు తక్కువ.

ఇచట నొక విచిత్రము చెప్పదగును. ఈ దీవులలో సూర్యాస్తమయము చూచుటకై పోయిన సందర్శకులలో పేరు కెక్కినవాడు సాక్షాత్తు రాజప్రతినిధియే. 1872 ఫిబ్రవరి 8 వ తేదీన మేయో ప్రభువు హారియట్టు కొండనుండి ప్రొద్దుక్రుంకు శోభను చూచి, క్రిందికి దిగి పడవ యెక్కబోవుచుండగా షేరలీ అను అఫ్రీదీ ఖైదీ కత్తిపోటున కూలెను. మఱుసటి మాసమున షేరలీని వైపరు దీవిలో ఉరితీసిరి. ఆ కొండకే 1891 యుద్ధానంతరము మణిపుర వీరులను తెచ్చి యుంచిరి. 2021 లో దానికి మణిపుర పర్వతమని పేరు మార్చిరి. నేడును జనులు ప్రొద్దుక్రుంకు చూచుటకు అచటికి పోవుచునే యున్నారు. కొండ యెవరిదో, పేరెందులకు మాఱినదో అడుగువారు ఎందఱు?

ఇక ఆ మహాకారాగారము. 1896 లో ఆరంభమై 1906 లో ముగిసిన దాని నిర్మాణమునకు ఇటుకలు బర్మానుండి వచ్చినవి, కూలి ఖైదీలదే. నడుమ నొక గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు భాగములు, ఒక్కొక్కటి మూడంతస్తులు, మొత్తము 696 గదులు. గది నిడివి 13 అడుగులన్నర, వెడల్పు 7 అడుగులన్నర. ఒక భాగపు ముఖమునకు ఎదురుగా రెండవ భాగపు వీపు మాత్రమే కనబడునట్లు కట్టుటలోనే దాని మర్మమంతయు నున్నది. మనుష్యుని ముఖము మనుష్యునకు కనబడరాదు. ఎద్దు త్రిప్పవలసిన గానుగను మనుష్యుడు త్రిప్పి దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె దింపవలయును. దింపనివానికి కొరడా, నిలువు సంకెళ్లు. ఇందుభూషణ రాయి 1912 లో ఉరిపోసికొనెను. ఉల్లాసకర దత్తునకు మతి చలించెను. 1933 లో నిరాహారవ్రతము పూనిన మహావీరసింహుడు, మోహనకిశోర నామదాసు, మోహితమైత్రుడు ప్రాణములు విడిచిరి. బలవంతముగా గొట్టముతో పోసిన పాలు మహావీరసింహుని ఊపిరితిత్తులలో చేరి అతనిని చంపినవి. 1937 నాటి నిరాహారదీక్షలతో దేశమంతయు కదలగా, మఱుసటి యేటికి రాజకీయఖైదీల నందఱిని స్వదేశమునకు తరలించిరి.

దొరలు పోయి జపానువారు వచ్చిన మూడేండ్లను గూర్చియు సత్యము చెప్పవలయును. 1942 మార్చిలో వారు దీవులను పట్టుకొనిరి. 1943 డిసెంబరు 30 వ తేదీన నేతాజీ అచట త్రివర్ణపతాకము నెత్తెను. దీవులకు షహీద్, స్వరాజ్ అను నామములు కలిగినవి. అది మనకు పండుగ దినమే. కాని నెల తిరుగగనే, 1944 జనవరి 30 వ తేదీన, హంఫ్రీగంజు వద్ద 44 మంది నిరపరాధులను గూఢచారులని జపాను సైనికులు కాల్చి పూడ్చివేసిరి. దివానుసింహుడను వైద్యుడు ఆ చెఱసాలలోనే చిత్రహింసలపాలై మరణించెను. ఆసియావాసుల ఉద్ధారమను మాట నోట నున్నను చేత తుపాకి యున్నవాడు పరుల గడ్డపై ఎట్లు ప్రవర్తించునో ఆ దీవుల కంటె తెలిసినవారు లేరు. ఏలిక రంగు మాఱినంతనే ఏలుబడి తీరు మాఱదు. ఈ మాట ముందునకు మనకే అవసరమగును గావున గుర్తుంచుకొనవలయును.

మనవారికి ఆ నీటితో గల సంబంధ మేమి? 1857 జూలై 17 వ తేదీన హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీపై దండెత్తినవారికి నాయకులు ఇద్దఱు – తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లాఉద్దీను. తుర్రెబాజుఖానునకు ద్వీపాంతరశిక్ష పడెను. అతడు చెఱ తప్పించుకొని, 1859 లో చంపబడెను. అల్లాఉద్దీనును ఓడ యెక్కించిరి. అతడు అండమానుననే కన్ను మూసెను. 1879 లో కల్లుపన్నును, మనసబుదారుని దౌర్జన్యమును సహింపక రంపసీమ కొండవారు తిరుగబడిరి. వారిలో పలువురు ఆ దీవులకు పోయిరి. 1922 మొదలు 1924 వఱకు మన్యమున అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమున పట్టుబడినవారిలోను అండమాను చూచినవారు గలరు. ఆ పోరాటమున మరణశిక్ష తప్పి దీర్ఘశిక్ష ననుభవించివచ్చిన గాం మల్లుదొర 1952 లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. చెఱసాలనుండి శాసనసభకు నడచిన ఆ కొండదొర జీవితము మన పిల్లలలో ఎందఱికి తెలియును? సీతారామరాజునకు శిలావిగ్రహము లెత్తితిమి, చిత్రకథలు తీసితిమి; అతనివెంట నడచి సముద్రము పాలైన కొండవారి పేర్లు నలుగురివైనను మనకు కంఠస్థము కావు. సముద్రమెన్నడు చూడని కోయవాడు, కొండరెడ్డి, ఓడ అడుగుభాగమున గొలుసులతో కూర్చుండి నాలుగు దినములు చీకటిలో ఏమి తలంచుకొనెనో వ్రాసినవాడు లేడు. వానికి వ్రాత రాదు. వ్రాత వచ్చిన మనకు వాడు జ్ఞప్తికి రాడు.

అచట మనవారి సంతతియు, తరువాత పోయిన వలసకాండ్రును నేటికిని గలరు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల జనులలో నూటికి పదుమూడుగురు తెలుగువారు. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయిన బెస్తలు, కూలివారు. ఖైదీల సంతతియగు స్థానికజనులలో కులము కలిసిపోయినది, మతము ఇంటి కొకటిగా నున్నది, బాస హిందుస్తానీ యైనది. దేశమును చీల్చిన గోడ లచట నిలువలేదు. దొరలు శిక్షకై పోగుచేసిన జనము తెలియకయే జాతీయైక్యమును సాధించినది. విహారమునకు పోయిన మనవారు ఆ తెలుగు బెస్తవాని యింటి గడప త్రొక్కిన దెన్నడు? అతడు పట్టిన చేపను విడిదిలో తినివచ్చుట తోడనే మన సంబంధము తీఱుచున్నది.

పేర్ల సంగతి యొకటి గలదు. నీలు దీవి, హేవలాకు దీవి యను పేర్లు 1857 లో మన జనులను ఊచకోత కోసిన సేనానులవి. ఆ నీలు మన చెన్నపురి పటాలమువాడే. అలహాబాదు త్రోవపొడవునను అతడు ఉరికొయ్యలు నాటించెను. కాన్పూరున చంపబోవువారిచేత ముందుగా నెత్తురు నాకించెను. చెన్నపురి మౌంటు రోడ్డులో అతనికి విగ్రహము నిలిపిరి. దానిని తొలగింపవలెనని 1927 లో యువకులు సత్యాగ్రహము చేసి చెఱసాలకు పోయిరి; 1937 లో రాజగోపాలాచారి మంత్రివర్గకాలమున అది వీథినుండి తొలగి వస్తుప్రదర్శనశాలకు పోయెను. నడివీథిలోని విగ్రహము తొలగుటకు పదేండ్లు పట్టినది. సముద్రములోని దీవి పేరు తొలగుటకు మఱి ఎనుబదేండ్లు పట్టినది. 2018 డిసెంబరులో నీలు దీవి షహీద్ ద్వీపమైనది, హేవలాకు స్వరాజ్ ద్వీపమైనది, రాసు నేతాజీ పేర వెలసినది. 2024 లో పోర్టు బ్లేరునకు శ్రీ విజయపురమను పేరు ప్రకటించిరి. ఇది మంచిదే. కాని స్వరాజ్యమను పేరు దీవికి పెట్టినచో ఆ పేరు దీవికి అలంకారమే కాదు, మనకు బాధ్యత. స్వరాజ్ ద్వీపమున స్వరాజ్యము ఎవరికి గలదు? నీటిలోని ప్రాణికి గలదా? అడవిలోని మనుష్యునకు గలదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పనిదే ఆ పేరు పలుకుటకు మనకు అధికారము లేదు.

నీటి సంగతి ముందు చెప్పుదుము. పగడపు దిబ్బ రాయి కాదు. కోటానుకోట్ల చిన్నజీవులు తరతరములుగా తమ యెముకలపై తామే కట్టుకొన్న ఊరు. గట్టిజాతి పగడము ఏడాదికి ఒక్క సెంటీమీటరు చొప్పున పెరుగుట గొప్ప. అనగా మనుష్యుని తలకాయంత పగడపు గుండు తయారగుటకు పెక్కేండ్లు పట్టును; నీట నిలువబోయి మడమతో ఆనుకొన్నవాడు దానిని అరనిమిషములో చంపగలడు. ఆ జీవుల శరీరమున నివసించు సూక్ష్మమైన పాచియే వానికి ఆహారమును రంగును ఇచ్చుచున్నది. నీరు వేడెక్కినచో ఆ పాచి వెడలిపోవును. పగడము తెల్లబాఱి ఆకలితో మాడును. 1998 లోను, 2010 లోను, 2016 లోను అండమాను సముద్రమున ఇట్లు జరిగినది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున ఉత్తరపు దీవులు పైకి లేవగా అచటి పగడములు నీరులేక ఎండి చచ్చినవి. దక్షిణపు దీవులు క్రుంగిపోయినవి. ఇట్లు ప్రకృతి దెబ్బలు తిని కోలుకొనుచున్న తోటలోనికి మనము మడమ లూనుచు పోవుచున్నాము.

మునక యను విద్యను మేము నిందింపము. అది ధైర్యమును, నిగ్రహమును నేర్పు విద్య. పది మీటర్లు దిగినకొలది నీటి బరువు ఒక వాతావరణపు ఒత్తిడి చొప్పున పెరుగును. దిగునపుడు చెవులు సరిచేసికొనవలయును. ఊపిరి ఎన్నడును బిగబట్టరాదు. పైకి వచ్చునపుడు తొందరపడరాదు. తొందరపడినచో నెత్తుటిలో కరగిన వాయువు బుడగలై మనుష్యుని కుంటివానిని చేయును, చంపను వచ్చును. ఇంతటి క్రమశిక్షణ గల విద్యను ఉదయము వచ్చి సాయంకాలము పోవు జనసమూహమునకు అరగంటలో నేర్పి, చేయి పట్టి ముంచి, ఛాయాపటము తీసి పంపుటయే వ్యాపారమగుచో దానివలన విద్యకును మేలు లేదు, సముద్రమునకును మేలు లేదు. తేలుట నేర్వనివాడు పగడముపై నిలువక మానడు. నీటిపై కదలక తేలగలనని చూపినవానిని మాత్రమే దిబ్బల కడకు తీసికొనిపోవలయునను నియమము ఒక్కటి గట్టిగా నడచిన చాలును, సగము కీడు తొలగును.

చట్టములు లేకపోలేదు. 1983 లో వండూరు సముద్రమున పదునైదు దీవులను చేర్చి మహాత్మాగాంధీ పేర జాతీయోద్యానము నేర్పఱచిరి. అందలి జాలీబాయి దీవికి పోవువారు ప్లాస్టికు సంచులును సీసాలును వెంట గొనిపోరాదు. ఏడాదిలో కొన్ని మాసములు ఆ దీవిని మూసి విశ్రాంతి నిత్తురు. ఒక చోట నడచిన నియమము అన్ని చోట్ల ఏల నడవరాదు? పగడమును ఏఱుట 1972 నాటి వన్యప్రాణిరక్షణ చట్టము క్రింద నేరము; పెక్కు జాతుల శంఖములును చిప్పలును అంతియే. అయినను పిల్లవాని జేబులో ఒక తెల్లని కొమ్మముక్క వేసికొని విమానాశ్రయమున పట్టుబడి సిగ్గుపడువారు మనవారిలో లేకపోలేదు. గుడిలో విగ్రహపు వ్రేలు విఱిచి జ్ఞాపకార్థము తెచ్చుకొనువాడు భక్తుడగునా?

ఇక అడవిలోని మనుష్యుడు. ఇది మా వ్యాసమున ముఖ్యమైన మాట. ఆ దీవులు దొరలు వచ్చునాటికి నిర్జనములు కావు. గ్రేటు అండమానీయులు, ఓంగీలు, జారవలు, సెంటినలీయులు అచట వేలయేండ్లుగా నుండిరి. 1859 మే 17 వ తేదీన అండమానీయులు విల్లమ్ములతో అబర్డీను వద్ద తుపాకులకు ఎదురు నిలిచిరి, ఓడిపోయిరి. తుపాకి చంపినవారికంటె తట్టుపొక్కులు, సుఖరోగములు చంపినవారు ఎక్కువ. వేలకొలది జనము గల ఆ జాతి నేడు కొన్ని పదులకు దిగినది. 2010 జనవరిలో ఒక వృద్ధురాలు మరణించినంతనే బో యను భాష లోకమునుండి తొలగిపోయెను. ఆమెతో ఆ భాషలో మాటాడుటకు అప్పటికే మఱియొకరు లేరు. మాతృభాషకై రాష్ట్రము సాధించుకొన్న జాతివారము మనము. ఈ వార్త మనకు నిద్ర పట్టనీయ దగునా?

ఇదంతయు దొరల పాపమని చేతులు దులుపుకొనుటకు వీలులేదు. జారవల అడవి నడిమిగా రహదారి వేసినది స్వతంత్రభారతమే. ఆదిమజాతుల రక్షణకు 1956 లోనే శాసనము గలదు. ఆ త్రోవను అడవి మేరకు మూసివేయవలెనని 2002 లో అత్యున్నత న్యాయస్థాన మాజ్ఞాపించినది. అయినను త్రోవ మూతపడలేదు. బండ్లు వరుసకట్టి, కావలివారి వెంట పోవుచునే యున్నవి. బారాటంగు గుహలను, బురదకొండను చూచుటకు పోవు నెపమున కిటికీలకు ముఖము లానించి అడవి మనుష్యులకై వెదకువారు ఆ బండ్లలో గలరు. తిండి యెర చూపి జారవ స్త్రీలచేత నాట్యమాడించిన చిత్రము 2012 లో ప్రపంచమంతయు చూచి మనలను ఛీ కొట్టినది. 1998 ప్రాంతమున తమంత తాము విల్లమ్ములు దించి బయటికి వచ్చిన ఆ జనులకు మన మిచ్చిన బహుమానములు మఱుసటి యేటనే సోకిన తట్టురోగమును, పొగాకును, బిస్కత్తు ముక్కలును. వారు మొత్తమున కొన్ని వందలు. మన యొక్క వీథిలో అంతకంటె ఎక్కువమంది యుందురు.

నాడు దొర పల్లకిలో కూర్చుండి మనలను చూచినట్లే, నేడు మనము బండిలో కూర్చుండి జారవను చూచుచున్నాము. ‘అనాగరకులు, వీరికి మేలు చేయవలయును’ అని దొర మనలను గూర్చి యన్నాడు. ఆ మాట మన నోట వచ్చినపుడు అది సత్యమగునా? ఏలిక రంగు మాఱినంతనే ఏలుబడి తీరు మాఱదని జపానువారిని గూర్చి యనుకొంటిమి. ఆ న్యాయము మనకును వర్తించును. సెంటినల్ దీవివారు ఎవ్వరిని రానీయరు. 2018 లో మతబోధకై చొఱబడిన పరదేశీయుడు ప్రాణము గోల్పోయెను. పరుల యేలుబడి వలదని బాణమెత్తినవారు క్రూరులైనచో మన్యమున మనవారు విల్లెత్తినది దేనికి? దక్షిణమున గ్రేటు నికోబారులో రేవును, విమానాశ్రయమును, పట్టణమును కట్టు సంకల్పమునకు 2022 లో పర్యావరణపు అనుమతి వచ్చినది. నూటముప్పది చదరపు కిలోమీటర్లకు మించిన అడవి దానికి పోవును. దేశరక్షణకు ఆ దీవి కీలకమని చెప్పువారి మాటను మేము త్రోసిపుచ్చము. కాని ఆ యడవి షోంపెనుల యిల్లు, గలతియా తీరము సముద్రపు తాబేళ్ల పుట్టినిల్లు. ఇంటివానిని అడుగని మేలు మేలు కాదు.

‘అలసి నాలుగుదినముల విశ్రాంతికై పోయినవానికి ఈ యేడ్పంతయు నేల?’ అని కొందఱు అడుగవచ్చును. మేము ఏడ్వుమనుట లేదు. కాశికి పోయినవాడు గంగలో మునిగి సంతోషించును. శ్మశానమును చూచి తలయు వంచును. ఒకటి రెంటికి అడ్డు కాదు. ‘విహారములేనిచో దీవివారికి కూడెట్లు?’ అని మఱికొందఱు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. స్వరాజ్ ద్వీపవాసులలో పెక్కుమంది తూర్పు బెంగాలునుండి కట్టుబట్టలతో వచ్చి అడవి కొట్టి వరి పండించిన శరణార్థులు, వారి బిడ్డలు. 1925 లో అడవిపనికై బర్మానుండి తేబడిన కరెనులు సముద్రపు పనిలో ఆరితేరినవారు. విహారధనము వారికి చేరవలయుననియే మా వాదము. విడుదులును, మునకశాలలును బయటి ధనికులవియై, దీవిబిడ్డకు మూటలు మోయుపనియు పాత్రలు తోముపనియు మాత్రమే మిగులునేని అది తోటదొరల కాలపు ఏర్పాటే. పేరు మాత్రము స్వరాజ్యము.

కావున చేయదగిన వేవి? జారవల అడవిలోనుండి విహారయాత్రికుల బండ్లు పోవుట పూర్తిగా మాన్పవలయును. బారాటంగునకు సముద్రమార్గ మున్నది, పోగోరువారు పడవపై పోవచ్చును. ఒక్కొక్క పగడపుదిబ్బకు దినమునకు ఇంతమంది యని పరిమితి పెట్టి, లంగరు దిబ్బపై వేయక తేలుగుండునకు పడవ కట్టు ఏర్పాటు చేయవలయును. మునక నేర్పు ఉద్యోగములలో దీవిబిడ్డలకు, అందు బెస్తల పిల్లలకు, ప్రభుత్వ వ్యయమున శిక్షణ మీయవలయును. వల వేసినవాని కంటె ఆ నీరు తెలిసినవాడు లేడు. ఇవి అధికారులు చేయవలసినవి.

మన తెలుగువారు చేయవలసిన దొకటి గలదు. రంపపితూరీల ఖైదీల తీర్పులును, పట్టికలును చెన్నపురి రాజ్యపు పాతదస్తరములలో, ఎగ్మూరు భాండాగారమున, వెదకదగును. రెండు తెలుగు ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును పూనుకొని అండమానుకు పోయిన మనవారి పేర్లు, ఊళ్లు, శిక్షలు, మరణములు సేకరించి ఒక్క పుస్తకముగా అచ్చువేసి ప్రతి పఠనమందిరమునకు పంపవలయును. దీనికి కోట్లు అక్కఱలేదు; పదిమంది విద్యార్థుల రెండేండ్ల శ్రమ చాలును. 1979 ఫిబ్రవరిలో జాతీయస్మారకమైన ఆ కారాగారపు గోపురమున రాష్ట్రముల వారీగా ఖైదీల పేర్లు రాతిపలకలపై చెక్కియున్నవి. అచట నిలిచిన తెలుగు పిల్లవాడు ‘మన ఊరివారు వీరిలో ఎవరు?’ అని తండ్రి నడిగినపుడు తండ్రి దిక్కులు చూడని దినము రావలయును.

విహారమునకు పోవువారికి మా మనవి స్వల్పము. మొదటిదినము కారాగారమునకు పొండు. దీపముల ప్రదర్శనము చూచుటతో తృప్తిపడక పగటివేళ మూడవ అంతస్తునకు ఎక్కి ఒక గదిలో తలుపు దగ్గఱగా వేసికొని అయిదు నిమిషములు మాటాడక నిలువుడు. అటుపిమ్మట సముద్రమునకు పోయి నిండారగ సంతోషింపుడు. దాని నడుగున ఏమియు త్రొక్కకుడు, ఏమియు తేకుడు. అడవి త్రోవకు పోకుడు. అచటి మనుష్యుడు చూడదగిన వింత కాడు, తన యింట తానున్న గృహస్థుడు. ద్వీపాంతరవాసము పరప్రభుత్వము మనకు విధించిన శిక్ష. ద్వీపాంతరవిహారము అచటివారికి మనము విధించు శిక్ష కాకుండుగాక.